హైవే నీళ్లలోకి దిగే చోట

వాషింగ్టన్ రాష్ట్రంలో 20వ నంబరు హైవే విడ్బీ దీవి మీదుగా వచ్చి, కూప్‌విల్ దాటాక సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ ఉండవు. అవతలి ఒడ్డున పోర్ట్ టౌన్‌సెండ్‌లో అదే హైవే అదే నంబరుతో మళ్లీ మొదలవుతుంది. మధ్యనున్న 35 నిమిషాల దూరాన్ని కార్లతో, లారీలతో, సైకిళ్లతో సహా దాటించేది ఫెర్రీ. ప్రభుత్వం లెక్కలో ఆ నీటి దారి కూడా హైవేలో ఒక భాగమే. దాన్ని నడిపేది రాష్ట్ర రవాణా శాఖ.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే అక్కడి ఫెర్రీల టికెట్లు, రిజర్వేషన్లు, లైన్ల పద్ధతి అన్నీ తేలిగ్గా బుర్రకెక్కుతాయి. ముందు అది ఊరివాళ్ల రోడ్డు, ఆ తర్వాతే మన విహారం. వేసవి శనివారం పొద్దున్నే పిల్లాజెల్లాతో రేవుకి వెళ్లి, ఓడలో చోటు లేక గంటల తరబడి కార్లోనే కూర్చునే కుటుంబాలు చాలావరకు దీన్ని టూరిస్టు బోటు అనుకుని బయల్దేరినవే.

సియాటిల్ చుట్టుపక్కల రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్, ఇసక్వా, బాతెల్ ఊళ్లలో తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలు తెచ్చిన వలస ఇది. మే నెల వచ్చేసరికి ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు. బాతెల్ గుడి, స్నోక్వాల్మీ జలపాతం, మౌంట్ రెయినీర్ అయ్యాక పెద్దవాళ్లను ఎక్కువ నడిపించకుండా ఇంకెక్కడికి తీసుకెళ్లాలన్న ఆలోచన వస్తుంది. అప్పుడు అందరి నోటా వినిపించేది శాన్ వాన్ దీవుల పేరు. సియాటిల్‌కి ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న దీవుల గుంపు అది. పేరున్న దీవులే 170కి పైన. వాటిలో రాష్ట్ర ఫెర్రీ ఆగేవి నాలుగు: లోపెజ్, షా, ఓర్కస్, శాన్ వాన్. శాన్ వాన్ దీవిలో ఓడ ఆగే ఊరి పేరు ఫ్రైడే హార్బర్. ఈ దీవులకు వంతెన లేదు. కారు వెళ్లాలంటే ఓడ ఎక్కాల్సిందే.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య గోదావరి మీద పంటు ఎక్కినవాళ్లకు బండిని నీళ్ల మీద దాటించడం కొత్తేమీ కాదు. ఇక్కడ కొత్తగా అనిపించేది దాని పరిమాణం. అమెరికాలో అతి పెద్ద ఫెర్రీ వ్యవస్థ వాషింగ్టన్ రాష్ట్రానిదే. 21 ఓడలు, ఏటా దాదాపు 2 కోట్ల మంది ప్రయాణికులు. అన్నిటికన్నా పెద్ద ఓడల్లో ఒక్కోదానిలో 202 కార్లు, 2500 మంది మనుషులు పడతారు. శాన్ వాన్ దారిలో తిరిగేవాటిలో 144 కార్లు పట్టే ఓడలు ముఖ్యమైనవి. దీవుల మధ్యనే తిరిగే చిన్న ఓడగా ఏళ్ల తరబడి పనిచేసిన టిల్లికమ్ 1959 నాటిది.

ప్రభుత్వం ఈ వ్యాపారంలోకి దిగడం వెనక ఒక తగాదా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సియాటిల్ ముందున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ అంతటా చిన్న చిన్న ఆవిరి పడవలు తిరిగేవి. వాటి సంఖ్య చూసి జనం దోమల దండు అని పేరు పెట్టారు. కార్లు పెరిగేకొద్దీ ఆ పడవలు వెనకబడ్డాయి. చివరికి దాదాపు మొత్తం వ్యాపారం బ్లాక్ బాల్ అన్న ఒకే కంపెనీ చేతిలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దాని యజమాని కెప్టెన్ పీబాడీ టికెట్ ధర 30 శాతం పెంచుతానన్నాడు. రాష్ట్రం ఒప్పుకోలేదు. 1948లో ఆయన ఓడలు కట్టేసి కూర్చున్నాడు. దీవుల వాళ్ల బతుకు ఒక్కసారిగా స్తంభించింది. ఒక మనిషి కోపగించుకుంటే జనం దారి మూసుకుపోయే పరిస్థితి ఉండకూడదని అప్పుడే గట్టిగా తేలిపోయింది. రాష్ట్రం దాదాపు 50 లక్షల డాలర్లకు ఓడల్ని, రేవుల్ని కొని, 1951 జూన్ 1 నుంచి తానే నడపడం మొదలుపెట్టింది. వంతెనలు కట్టేదాకా తాత్కాలికంగా నడుపుదామన్నది అప్పటి ఆలోచన. 1959లో శాసనసభ ఆ వంతెనల ప్రణాళికను తోసిపుచ్చింది. తాత్కాలికం అనుకున్న ఫెర్రీలే శాశ్వతమయ్యాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లు బేన్‌బ్రిడ్జ్ దీవితో మొదలుపెట్టడం మంచిది. సియాటిల్ నడిబొడ్డున కోల్మన్ డాక్ నుంచి 35 నిమిషాల ప్రయాణం. కారు అక్కర్లేదు, రిజర్వేషన్ ఉండదు, నడిచి ఎక్కేస్తే సరి. బస్సుల్లో వాడే ఓర్కా కార్డు ఇక్కడా పనిచేస్తుంది. నడిచి ఎక్కేవాళ్లు సియాటిల్ వైపే టికెట్ కొంటారు, తిరిగొచ్చేటప్పుడు కొననక్కర్లేదు. 18 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్నవాళ్లకు 2022 అక్టోబరు నుంచి టికెట్ లేదు. 65 దాటినవాళ్లకు సగం ధర. పుట్టిన తేదీ కనిపించే గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు కాబట్టి, ఇండియా నుంచి వచ్చిన పెద్దల పాస్‌పోర్టు సంచిలో వేసుకోవాలి.

ఓడ బయల్దేరాక వెనక్కి తిరిగి చూస్తే సియాటిల్ నగరమంతా ఒక్క చూపులో పడుతుంది. అందరూ ఫోటోలు తీసుకునేది అప్పుడే. కానీ బేన్‌బ్రిడ్జ్‌లో దిగాక ఐస్‌క్రీమ్ తిని వెనక్కి వచ్చేయకుండా ఈగిల్‌డేల్ పాత రేవు దాకా వెళ్లాలి. 1942 మార్చి 30న ఆ దీవిలోని 227 మంది జపనీస్ అమెరికన్లను సైనికుల కాపలాలో అక్కడికే నడిపించి ఫెర్రీ ఎక్కించారు. యుద్ధకాలపు ఉత్తర్వు కింద నిర్బంధ శిబిరాలకు తరలించిన మొదటి జట్టు వాళ్లదే. స్ట్రాబెర్రీ తోటలు పండించుకుంటూ బతికిన కుటుంబాలు. పంట చేతికొచ్చే ముందు, చేత్తో పట్టుకోగలిగినంత సామానుతో వెళ్లిపోయారు. ఇప్పుడక్కడ దేవదారు చెక్కతో కట్టిన పొడవాటి స్మారక గోడ ఉంది. గోడ వెంట నడుస్తుంటే ఒక్కో కుటుంబం పేరూ కనిపిస్తుంది. వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న ఎవరికైనా చూడాల్సిన చోటు అది.

ఇక శాన్ వాన్ దీవుల సంగతి. ఓడ బయల్దేరే రేవు అనకోర్టిస్‌లో ఉంది. సియాటిల్ నుంచి దాదాపు 80 మైళ్లు. ఐ-5 మీద ఉత్తరంగా వెళ్లి 230వ ఎగ్జిట్ దగ్గర 20వ నంబరు రోడ్డెక్కి పడమటికి తిరగాలి. ట్రాఫిక్ లేకపోతే గంటన్నర, శుక్రవారం సాయంత్రం అయితే దేవుడి దయ.

కారు తీసుకెళ్లదలచుకుంటే రిజర్వేషన్ చేసుకోవాలి. ఈ పద్ధతి శాన్ వాన్ దారిలో 2015లో వచ్చింది. అంతకుముందు ఎవరు ముందొస్తే వాళ్లదే చోటు. వేసవిలో లైన్లు రేవు దాటి రోడ్డు మీదికి పాకేవి. ఇక్కడ రిజర్వేషన్ వేరు, టికెట్ వేరు. రిజర్వేషన్‌తో ఫలానా ఓడలో కారుకి చోటు ఖాయమవుతుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు గానీ క్రెడిట్ కార్డు నంబరు ఇవ్వాలి. చెప్పకుండా మానేస్తే జరిమానా పడుతుంది. ముందు రోజు సాయంత్రం 5 గంటల లోపు మార్చుకున్నా, రద్దు చేసుకున్నా ఏమీ ఉండదు. టికెట్ ముందే కొనుక్కోవచ్చు, టోల్ బూత్ దగ్గరా కొనుక్కోవచ్చు.

ఓడలో కార్లకున్న చోటునంతా ఒకేసారి అమ్మకానికి పెట్టరు. సీజన్ మొదలవడానికి రెండు నెలల ముందు 30 శాతం వదులుతారు. ప్రయాణానికి రెండు వారాల ముందు ఇంకో 30 శాతం, రెండు రోజుల ముందు మరో 30 శాతం. ఈ రెండు విడతలూ ఉదయం 7 గంటలకు తెరుచుకుంటాయి. చివరి 10 శాతం రిజర్వేషన్ లేకుండా వచ్చేవాళ్లకి, అత్యవసరాలకి అట్టేపెడతారు. 144 కార్ల ఓడ అనుకుంటే మొదటి విడతకి వచ్చేది 43 చోట్లు, అవీ దీవుల వారీగా పంచినవి. జులై 4 లాంటి సెలవులకి అవి ఎంత తొందరగా అయిపోతాయో ఊహించుకోవచ్చు.

ఇంత మెలిక ఎందుకని విసుక్కునే ముందు దీవి వైపు నుంచి చూడాలి. శాన్ వాన్ కౌంటీలో దాదాపు 18 వేల మంది ఉంటారు. వాళ్లలో ఒకరికి వచ్చే వారం అనకోర్టిస్‌లో పంటి డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికిందనుకుందాం. మరొకరి ఇంటికి ప్లంబరు అవతలి ఒడ్డు నుంచి రావాలి. మొత్తం చోటు రెండు నెలల ముందే ఇచ్చేస్తే, సెలవులు ముందుగా రాసిపెట్టుకోగలిగిన నగరవాసులే ఓడల్ని నింపేస్తారు. ఊరి మనిషికి తన ఊరి రోడ్డు మీదే చోటుండదు. రెండు వారాలు, రెండు రోజులు అన్న గడువులు పెట్టింది అందుకే. వైద్యం కోసం వెళ్లేవాళ్లను ముందుగా ఎక్కించే ఏర్పాటు కూడా ఉంది. ఇంత ఆలోచించి కట్టిన పద్ధతి కాబట్టే మొదటి విడతలో దొరకనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. రెండు వారాల ముందు 7 గంటలకి అలారం పెట్టుకుని కూర్చుంటే చాలామందికి దొరుకుతుంది. అదీ తప్పితే రెండు రోజుల ముందు మళ్లీ అవకాశం.

ముందు ఫెర్రీ, తర్వాతే హోటల్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఓర్కస్ దీవిలో మంచి కాటేజీ కనపడగానే డబ్బు కట్టేసి, ఆ తర్వాత ఓడ వెతుకుతారు. వెళ్లడానికి దొరుకుతుంది, తిరిగి రావడానికి దొరకదు. ఆదివారం మధ్యాహ్నం దీవి నుంచి బయటపడే ఓడకే పోటీ అన్నిటికన్నా ఎక్కువ. సోమవారం పొద్దున ఆఫీసుంటే తిరుగు ప్రయాణం ముందు ఖాయం చేసుకుని, దాన్ని బట్టి మిగతావన్నీ పెట్టుకోవాలి. వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్లడం ఇంకా హాయి. పెద్దవాళ్లకి ఎలాగూ సెలవుతో పనిలేదు.

దీవుల వరుస ఇంకో కీలకం. తూర్పు నుంచి పడమటికి లోపెజ్, షా, ఓర్కస్, ఫ్రైడే హార్బర్ ఉంటాయి. అనకోర్టిస్ నుంచి పడమటికి వెళ్లేటప్పుడే టికెట్ వసూలు చేస్తారు. తూర్పుకి తిరిగొచ్చేటప్పుడు ఏమీ అడగరు. దీవికీ దీవికీ మధ్య కారుతో వెళ్లినా అదే లెక్క: పడమటికి వెళ్తే చార్జీ, తూర్పుకి వస్తే లేదు. కాబట్టి రెండు మూడు దీవులు చూడాలనుకుంటే ముందు అన్నిటికన్నా దూరాన ఉన్న ఫ్రైడే హార్బర్‌కి టికెట్ కొని వెళ్లిపోవాలి. అక్కడి నుంచి ఓర్కస్, ఆ తర్వాత లోపెజ్ అంటూ వెనక్కి రావాలి. అదనంగా ఒక్క డాలరు కూడా పడదు. నడిచి ఎక్కేవాళ్లకైతే దీవుల మధ్య ప్రయాణం ఎటు వెళ్లినా ఉచితమే. అయితే దీవుల మధ్య ఓడకు రిజర్వేషన్ ఉండదు, లైన్లో నిలబడాల్సిందే. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కారు చార్జీ మీద వేసవి అదనం ఉంటుందని కూడా లెక్కలో వేసుకోవాలి. కారు చార్జీలో డ్రైవరు కలిసి ఉంటాడు, మిగతా పెద్దవాళ్లకి విడిగా కొనాలి. ఏడుగురు కూర్చునే వ్యాన్ అయినా పొడవు 22 అడుగుల లోపే కాబట్టి మామూలు కారు చార్జీయే. పైన సామాను పెట్టె కట్టినప్పుడు మాత్రం ఎత్తు చూసుకోవాలి.

అనకోర్టిస్ టోల్ బూత్‌కి ఓడ టైముకి కనీసం అరగంట ముందు చేరాలి. ముప్పావుగంట నుంచి గంట ముందు రమ్మని ఫెర్రీ శాఖే చెబుతుంది. ఆలస్యమైతే రిజర్వేషన్ ఉన్నా లేనట్టే. బూత్ దాటగానే ఏ దీవికి వెళ్లేవాళ్లని ఆ దీవి లైన్లోకి పంపుతారు. ముందు దిగేవాళ్ల కార్లు ఒక పక్క, చివర దిగేవాళ్లవి ఇంకో పక్క వచ్చేలా లోపల సర్దాలి కాబట్టి లైను మారకూడదు. మధ్యలో దూరడం వాషింగ్టన్ చట్టం ప్రకారం ట్రాఫిక్ ఉల్లంఘన. పట్టుబడితే జరిమానా కట్టి లైను చివరికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ మాట టోల్ బూత్‌లోనే చెప్పాలి. లిఫ్టు దగ్గర కారు పెట్టిస్తారు. అసలు కారు దిగకపోయినా ఫరవాలేదు.

కానీ దిగకుండా ఎలా ఉంటారు? పైడెక్కు ఎక్కితే రెండు పక్కలా పెద్ద పెద్ద కిటికీలు, వాటి పక్కన ఎదురెదురు బల్లలు. చాలా బల్లల మీద ఎవరో సగం పూర్తిచేసి వదిలేసిన జిగ్‌సా పజిల్ ఉంటుంది. ఒక కుటుంబం ఆకాశం ముక్కలు పేర్చి దిగిపోతుంది, తర్వాత ఎక్కినవాళ్లు చెట్ల ముక్కలు వెతుకుతారు. పక్క బల్ల మీద పులిహోర డబ్బా తెరుచుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంతలో మైకులో ఫలానా రంగు కారు అలారం మోగుతోందని ప్రకటన వస్తుంది. ఓడ కుదుపులకి అలారాలు మోగడం మామూలే కనుక, దిగేముందే దాన్ని ఆపేసుకుంటే మెట్లు రెండుసార్లు ఎక్కే పని తప్పుతుంది. అనకోర్టిస్ నుంచి ఫ్రైడే హార్బర్‌కి గంటకు పైగా పడుతుంది. దారి పొడుగునా ఓడ దీవుల సందుల్లోంచి వెళ్తుంది. ఒక్కోచోట ఒడ్డున ఉన్న ఇళ్ల గుమ్మాలు కూడా కనిపించేంత దగ్గరగా.

కారు లేకుండా వెళ్లాలంటే ఫ్రైడే హార్బర్ సరైన చోటు. అనకోర్టిస్ రేవులో డబ్బు కట్టి కారు వదిలి, నడిచి ఎక్కేయొచ్చు. నడిచేవాళ్లకి రిజర్వేషన్ గొడవ లేదు. ఓడ దిగగానే ఊరు. తిమింగలాల మ్యూజియం నాలుగడుగుల దూరం. 1979 నుంచి ఉంది. ఓర్కస్ మాత్రం కారు కోరే దీవి. ఓడ రేవుకి, ఈస్ట్‌సౌండ్ ఊరికి మధ్య ఎనిమిది మైళ్లు ఉంటుంది. దాని అవతల మోరన్ స్టేట్ పార్కులో 2,409 అడుగుల మౌంట్ కాన్‌స్టిట్యూషన్ ఉంది. శిఖరం దాకా కారు వెళ్తుంది. పైన 1930ల్లో కట్టిన రాతి బురుజు మీదికి ఎక్కితే దీవులన్నీ కాళ్ల కింద పరిచినట్టుంటాయి. లోపెజ్ చదునుగా ఉంటుంది, సైకిలు వాళ్ల స్వర్గం. అక్కడ ఎదురొచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపడం ఆచారం. ఊపకపోతే కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. షా దీవిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు గానీ ఒక ముచ్చట ఉంది. అక్కడి ఫెర్రీ రేవుని రెండు దశాబ్దాలకు పైగా, 2004 వరకు, ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు నడిపారు. సన్యాసిని దుస్తుల మీద పనివాళ్ల జాకెట్టు తొడుక్కుని ఓడల్ని రేవుకి అందించేవాళ్లు.

శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున ఉన్న లైమ్ కిల్న్ పార్కు ఓర్కా తిమింగలాల్ని నేల మీంచే చూడగలిగిన అరుదైన చోటు. ఈ నీళ్లనే నమ్ముకుని బతికే ఓర్కాల కుటుంబాలు మూడు ఉన్నాయి. అన్నీ కలిపి డెబ్బై పైచిలుకు ప్రాణులు, అంతే. తినడానికి చినూక్ సాల్మన్ తగ్గిపోవడం, పడవల రొద వాటిని కుంగదీస్తున్నాయి. 2025 జనవరి నుంచి పడవలేవీ వాటికి వెయ్యి గజాల కన్నా దగ్గరికి వెళ్లకూడదని రాష్ట్రం చట్టం చేసింది. అందుకే వందల డాలర్లు పెట్టి బోటెక్కే ముందు ఒక పూట ఈ రాళ్ల మీద ఓపిగ్గా కూర్చుని చూడటం మేలు. కనపడతాయని హామీ లేదు. కనపడితే మాత్రం వాటిని ఎవరూ తరమని చూపు అది. అన్నట్టు, ఆ ఒడ్డున ఫోను ఎదురుగా ఉన్న కెనడా టవరుకి తగులుకుంటుంది. రోమింగ్ ఆపేసుకోవాలి.

రాష్ట్ర ఫెర్రీల్లో ఒకదాని పేరు టోకిటే. 2014లో నీళ్లలోకి వచ్చింది. అదే పేరున్న ఓర్కా పిల్లని 1970లో విడ్బీ దీవి దగ్గర పెన్ కోవ్‌లో వలేసి పట్టుకుని, మయామీలో ఆటలాడించడానికి అమ్మేశారు. యాభై ఏళ్లకు పైగా అది చిన్న కొలనులోనే బతికింది. సొంత నీళ్లకు తెచ్చేయాలని పోరాటం జరిగి, ఒప్పందం కుదిరాక, 2023 ఆగస్టులో అక్కడే చనిపోయింది. ఇక్కడి పిల్లల్ని ఓడ పేరు గురించి అడిగితే ఈ కథంతా చెబుతారు.

చరిత్ర మీద ఇష్టం ఉంటే అదే దీవిలో ఇంకో వింత కథ దొరుకుతుంది. 1859 జూన్‌లో లైమన్ కట్లర్ అనే అమెరికన్ తన బంగాళాదుంపల మడిలో పడ్డ పందిని కాల్చేశాడు. ఆ పంది బ్రిటిష్ వాళ్ల హడ్సన్స్ బే కంపెనీది. దీవి ఏ దేశానిదో అప్పటికి తేలలేదు కాబట్టి రెండు వైపులా సైన్యాలు దిగాయి, యుద్ధనౌకలు వచ్చాయి. ఒక్క మనిషీ చావలేదు. రెండు దళాలూ దీవికి చెరో కొసన పన్నెండేళ్లు కాపురమున్నాయి. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి మధ్యవర్తిగా దీవుల్ని అమెరికాకి ఇచ్చాడు. అమెరికన్ శిబిరం, ఇంగ్లిష్ శిబిరం రెండూ ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు.

దీవులకి దక్షిణాన ఉన్న జలసంధి పేరు వాన్ డి ఫూకా. స్పెయిన్ కొలువులో ఈ పేరుతో పనిచేసిన ఆ నావికుడు నిజానికి గ్రీకువాడు, కెఫలోనియా దీవిలో పుట్టాడు. 1592లో తాను ఇటు వచ్చానని చెప్పుకున్నాడు. నిజమా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 1787లో చార్లెస్ బార్‌క్లే అనే ఇంగ్లిష్ కెప్టెన్ ఆ మాట నమ్మి జలసంధికి ఆయన పేరు పెట్టాడు. సియాటిల్ నుంచి మనవాళ్లు సాంతోరినికో మికోనోస్‌కో వెళ్లడమూ ఉంది కాబట్టి గ్రీసు ఫెర్రీల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. అక్కడ ఫెర్రీలు ప్రైవేటు కంపెనీలవి. బ్లూ స్టార్, సీజెట్స్ లాంటివి ఒకే దారిలో పోటీ పడతాయి. అందుకే అన్నిటి టైములూ ఒకచోట చూపించే ఫెర్రీహాపర్ లాంటి సైట్లలో వెతుక్కోవాలి. పెద్ద ఓడ నిదానంగా వెళ్తుంది, చవక, డెక్కు మీద గాలి పీల్చుకోవచ్చు. హైస్పీడు ఓడకి సగం టైము చాలు గానీ ధర ఎక్కువ, సముద్రం లేచినప్పుడు కడుపులో తిప్పుతుంది. జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి ఉధృతంగా వీచినప్పుడు ఒక్కోసారి రేవు అధికారులు ఓడల్నే ఆపేయిస్తారు. ఇంటికి విమానం ఉన్న రోజు దీవి నుంచి బయల్దేరకుండా, ముందు రోజే ఏథెన్స్ చేరిపోవడం తప్పనిసరి జాగ్రత్త.

వాషింగ్టన్‌లోనూ ఓడ రద్దవడం ఉంది. పోర్ట్ టౌన్‌సెండ్, కూప్‌విల్ దారిలో ప్రవాహాల వేగానికి, పోటుపాట్లకి కొన్ని ట్రిప్పులు ఆగిపోతాయి. కోవిడ్ తర్వాత సిబ్బంది దొరక్క, ఓడలు పాతబడి కొన్నేళ్లు జనం నానా అవస్థలు పడ్డారు. 2022 జులైలో కథ్లమెట్ అనే ఫెర్రీ ఫాంట్లరాయ్ రేవు దగ్గర స్తంభాల్ని గుద్దింది. 2023 ఏప్రిల్‌లో వాలా వాలా అనే పెద్ద ఓడ దాదాపు 600 మంది ప్రయాణికులతో బేన్‌బ్రిడ్జ్ దగ్గర ఒడ్డుకి ఎక్కేసింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. 2025 వేసవికి గానీ రాష్ట్రంలోని దారుల్లో కోవిడ్ ముందు నాటి షెడ్యూలు తిరిగి రాలేదు. అందుకే ప్రయాణం రోజున ఫెర్రీ శాఖ వెబ్‌సైట్‌లో వెసెల్‌వాచ్ పేజీ తెరిచి ఓడ ఎక్కడుందో మ్యాపులో చూసుకోవాలి. రిజర్వేషన్ చేసుకున్నప్పుడే హెచ్చరిక మెసేజీలకి కూడా నమోదు చేసుకుంటే, ట్రిప్పు రద్దయిన సంగతి ఐ-5 ఎక్కకముందే తెలుస్తుంది.

అనకోర్టిస్ నుంచి కెనడాలోని సిడ్నీకి వెళ్లే ఫెర్రీ 2020లో ఆగిపోయింది, ఇంకా మొదలవలేదు. కెనడా వైపు విక్టోరియా నగరం చూడాలంటే సియాటిల్ నుంచి మనుషుల్ని మాత్రమే తీసుకెళ్లే క్లిప్పర్ అనే ఓడ ఉంది. కారుతో అయితే పోర్ట్ ఏంజెలెస్ నుంచి కోహో అనే ఫెర్రీ ఎక్కాలి. భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకి కెనడా వీసా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కార్డు, పాస్‌పోర్టు చూపిస్తే వీసా అక్కర్లేదు. ఇంట్లో ఒకరికి గ్రీన్‌కార్డు, అమ్మానాన్నలకి విజిటర్ వీసా ఉన్న కుటుంబాలు టికెట్ కొనకముందే ఈ లెక్క చూసుకోవాలి.

కొత్త ఓడల విషయానికొస్తే, ఇన్నాళ్లూ వాటిని వాషింగ్టన్‌లోనే కట్టాలన్న నిబంధన ఉండేది. 2023లో దాన్ని సడలించారు. 2025లో ఫ్లోరిడాలోని ఈస్టర్న్ షిప్‌బిల్డింగ్‌కి మూడు ఓడల పని అప్పగించారు. ఒక్కోటి 160 కార్లు పట్టే హైబ్రిడ్ విద్యుత్ ఓడ. మొదటిది తిరగడం మొదలయ్యేసరికి 2030 అవుతుందని అంచనా. అప్పటిదాకా ఉన్న ఓడలతోనే వేసవి రద్దీని ఈదాలి. జూన్ మధ్యలో మొదలయ్యే వేసవి షెడ్యూలుకి మొదటి విడత రిజర్వేషన్లు ఏప్రిల్ మధ్య ప్రాంతంలో తెరుచుకుంటాయి. అమ్మానాన్నలకి విమానం టికెట్లు కొన్న రోజే ఆ తేదీని కూడా ఫోనులో పెట్టుకోవచ్చు.